కాకరకాయ వండని రోజు

సారక్క మొగనికి బెల్లం తినవెట్టి తినవెట్టి సంపుతున్నదని లస్మవ్వ అన్నదట. ఆ మాట సారక్క ముందు అనలేదు, వెనక లైను క్వార్టర్లో ఉండే యమున ముందు అన్నది. యమున దాన్ని ఒక పూట కూడా కడుపులో దాచుకోలేక, పొద్దున నల్లా దగ్గర బిందె నిండేదాకా ఆగి, "నేను చెప్పిన్నని నా మీదికి తేకు సారక్కా, గా ముసల్ది లైనంత చాటుతున్నది, జాతర కాన్నుంచి తెచ్చిన బెల్లం బంగారమంత మొగని నోట్లెనే కుక్కుతున్నవట, షుగరు పెరిగి ఆయిన అన్‌ఫిట్టయితే కొడుక్కు నౌకరొస్తదని పానం మీదికి తెస్తున్నవట" అని చెప్పేసి, చెప్పినాక తన నోరు తనే కొంగుతో మూసుకుంది. సారక్క చుట్టబట్ట నెత్తిన సర్దుకుంది. అనాలంటే లేకపోలేదు, సమ్మక్కకు మొక్కి తెచ్చిన ఆ బెల్లం పంచిననాడు రెండు చేతులూ చాపి అందరికంటే పెద్ద గడ్డ పట్టుకుపోయింది లస్మవ్వే, పండ్లు లేవని నీళ్లలో కరిగించుకుని మరీ తాగింది, మొగడు పోశం నాలుక మీద ఆ బెల్లం పలుకు కూడా పడలేదు. ఆ సంగతి చెప్తే చాలు, లస్మవ్వ నోరు పడిపోతుంది. కానీ ఆ సంగతి చెప్తే దాని వెనక సంగతి కూడా బయటికి వస్తుంది, అది రఘుపతి చెవిన పడుతుంది, కన్నకొడుకు మొఖంలోకి ఎట్లా చూడాలి అప్పుడు. అందుకే బిందె నెత్తిన పెట్టుకుని వచ్చేసింది. ఇప్పుడు ఈ కంపెనీ దవాఖాన బెంచీ మీద కూర్చున్నాక ఆ మాట గొంతులో చేపముల్లు లాగా అటూ కదలడం లేదు, ఇటూ కదలడం లేదు. సంపుతున్నదట. నేనా.

లోపల పోశం ఉన్నాడు. తలుపుకు నడుము పై నుంచి మసక అద్దం, అందులో తెల్లకోటు నీడ ఒకటి ఇటు నుంచి అటు పోయింది, మళ్లీ రాలేదు. ఇవ్వాళ ఆ లోపలున్న పెద్ద డాక్టరు, ఈ మనిషి ఇక బొగ్గుబాయిలో దిగలేడు అని రాస్తే పోశం కొత్తగూడెం మెడికల్ బోర్డుకు పోతాడు, అక్కడ అన్‌ఫిట్ అంటే ఆయన కొలువు కొడుక్కు వస్తుంది. రాయకపోతే రేపు మొదటి షిఫ్టుకు నెత్తిన టోపీ, నడుముకు బ్యాటరీ కట్టుకుని మళ్లీ బాయిలోకే. ఎటు పడినా ఒక మాటే కదా, ఒక మాటకు ఇంతసేపు ఎందుకు. రాయి సామీ, రాసెయ్యి, అని ఒకసారి అనుకుంటుంది, ఆ అనుకున్న మాట పూర్తిగా కాకముందే అయ్యో వద్దు, ఏమున్నదని రాస్తవు ఆయినకు, అని ఇంకోటి వచ్చి దాని మీద కూర్చుంటుంది. లేచి నిలబడింది. కూర్చుంది. గాజులు పైకి నెట్టుకుంది, అవి మళ్లీ కిందికి జారాయి. ఫినాయిలు వాసన, దాని కింద ఎవరిదో సద్ది విప్పిన మామిడికాయ తొక్కు వాసన. తొక్కు. రేపు పరీక్ష అంటే ఈ రోజు రాత్రి తొక్కుతో తినిపించాలె, నిద్ర పోనియ్యొద్దు, అని నల్లా కాడ ఆడోళ్లు ఒకరికొకరు చెప్పుకుంటారు, పక్కింటామె కూరలో ఏమేశావని అడిగినంత మామూలుగా. బీపీకి ఉప్పు చేపలు, షుగరుకు బెల్లపన్నం, చూపు తక్కువుందని చూపించేటోనికి ఎండలో కూర్చోబెట్టుడు. మొగోన్ని ఎట్లా బాగు చేసుకోవాలో తల్లులు నేర్పారు, ఎట్లా చెడగొట్టుకోవాలో ఈ ఖని నేర్పింది.

బెంచీ మీద అందరూ అదే ఆశతో వచ్చినోళ్లు. ఎదురుగా ఒకాయన ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చి కూర్చున్నాడు, కాసేపటికి నీళ్లకని లేచి కుడికాలు ఈడ్చుకుంటూ పోతుంటే పెండ్లాం పండ్లు కొరికి, "గా కాలు గాదయ్యా, గీ కాలు, నీ బుద్ధి మన్నువడ" అంటే ఆయన అక్కడికక్కడే కాలు మార్చాడు, చుట్టూ ఉన్నోళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. సారక్కకు కూడా నవ్వు వచ్చింది, సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఆ మూలకు గోడకు ఆనుకుని కూర్చున్న ముసలాయన దగ్గు మొదలుపెడితే ఆగడం లేదు, పేగులు నోట్లోకి వచ్చినట్టు దగ్గుతున్నాడు, ఉమ్మితే నల్లగా పడుతున్నది, అది నిజం దగ్గే, కానీ పక్కనున్నోళ్లు "మస్తు నేర్చిండు" అన్నట్టు చూస్తున్నారు. నిజంగా రోగమున్నోడు నమ్మించలేకపోతే ఎంత కష్టం. లేనోడు నమ్మించలేకపోతే ఇంకెంత కష్టం. ఉండి, పెండ్లాం చేతుల మీదుగా లోలోపలే బాగైపోతూ ఉన్నోడైతే.

మా ఆయిన అట్ల కుంటే మనిషి కాదు. రానే రాదు ఆయనకు ఆ యాక్టింగు. పడిపోయిననాడు కూడా గడ్డపలుగు పడ్డట్టు నిటారుగానే పడ్డాడు. సమ్మె నాళ్లు అవి, బాయిలన్నీ మూతపడి, తెలంగాణ తెలంగాణ అని ఊరు ఊరంతా రోడ్ల మీదనే వండుకుని రోడ్ల మీదనే తింటున్న రోజులు, చౌరస్తాలో పెద్ద గంజు పెట్టి పోశమే తెడ్డుతో అన్నం కలుపుతున్నాడు, మెడలో గులాబీ తువ్వాల, ఎవరో జోకు వేస్తే గట్టిగా నవ్వాడు, ఆ నవ్వులోనే తెడ్డు జారింది. ఆమె కూరగాయలు కోస్తూ చూసింది, తెడ్డు గంజులో పడటం చూసింది, మనిషి పడటం తర్వాత చూసింది. మొఖం మీద నీళ్లు కొడితే లేచి "అన్నం అడుగంటింది సూడుండ్రి" అన్నాడు. అప్పుడు కదా ఈ దవాఖానకు తెచ్చింది, బీపీ ఆకాశంలో ఉన్నదని, షుగరు కూడా ఉన్నదని, గుండె మీద బరువు పడుతున్నదని, ఈ గోలీలు ఒక్క పూట కూడా తప్పొద్దని చెప్పింది కదా సిస్టరమ్మ, కొంగుకు ముడేసి ఇచ్చినట్టు ఇచ్చింది కదా, తెల్లగోలి పొద్దున, గులాబీగోలి రెండు పూటలా. ఎంత భయపడింది ఆ రోజు. భయం ఒక్కటే ఉండింది ఆ రోజు, ఇంకేమీ లేకుండె, ఎంత సుఖం.

తర్వాత సదయ్య వచ్చాడు. సదయ్య పనేమిటంటే ఎవరింట్లో మొగోడు పడ్డాడంటే వాళ్లింట్లో చాయ తాగడం. యూనియన్ ఆఫీసు ముందు కుర్చీ ఒకటి ఆయనకు పుట్టుకతో వచ్చినట్టు ఉంటుంది. చాయ ఊదుకుంటూ, "బావా, అదృష్టమంటే నీదే, దేవుడే పిలిచి ఇచ్చిండు రోగం" అన్నాడు. "గోలీలు తెచ్చుకునుడు మానకు, కిటికీ కాడ నెల నెలా సంతకం వెట్టి తెచ్చుకో, మందులు వాడుతున్నడనే ఉండాలె. మింగకు. మందులు వాడినా తగ్గుతలేదంటేనే అన్‌ఫిట్టు. గంతే, కిటుకు గంతే." పోశం అప్పుడు గోడకు ఆనుకుని కూర్చుని కొడుకు దిక్కు చూశాడు. రఘుపతి నేల దిక్కు చూస్తున్నాడు, గోటితో గచ్చు గీకుతున్నాడు. పిల్లవాడు ఏమీ అడగలేదు, పాపం అడగలేదు, అడిగితే బాగుండేది, తిట్టేది. ఐటీఐ చదివి ఓపెన్‌కాస్టు గనిలో ప్రైవేటోని కింద డంపరు తోలుతున్నాడు, ఎప్పుడు ఉండుమంటారో ఎప్పుడు పొమ్మంటారో తెలియదు, తండ్రి క్వార్టరు పోతే తలదాచుకునే చూరు లేదు, రామగిరి కింద ఉన్న చెలక భూమి ఎప్పుడో గని మట్టికుప్పల కింద పడిపోయింది. పోశం అదంతా తలలో తిప్పుకున్నట్టున్నాడు, చిటికెడు సేపు, అంతే, తర్వాత గోలీల కవరు తీసి ఆమె ఒడిలో పడేసి, "పొయ్యిలెయ్యి" అన్నాడు. చుట్ట ఆర్పినట్టు అన్నాడు. ఆమె వేసింది. బొగ్గుల పొయ్యిలో ఆ తెల్లవి నల్లబడి, గులాబీవి ఉబ్బి, చిన్న చప్పుడు చేసి పోయాయి. రఘుపతి లేచి బయటికి వెళ్లాడు. ఆ రోజు వాడు అన్నం తినలేదు, అది కూడా గుర్తు పెట్టుకోవాలి, వాడు రాక్షసుడేం కాదు.

తలుపు తెరుచుకుంది. సగం లేచింది. సిస్టరమ్మ తల బయటపెట్టి ఇంకెవరినో పిలిచింది, తలుపు మూసుకుంది. రఘుపతి ఆ చివర కిటికీ దగ్గర నిలబడి ఫోను చూస్తున్నాడు, చూడటం లేదు, వేలు కదలడం లేదు. ఇటు తిరిగి కళ్లతోనే ఏమైంది అన్నాడు, ఆమె తల అడ్డంగా ఊపింది. తెల్ల అంగీ వేసుకుని వచ్చాడు ఇవ్వాళ. ఇస్త్రీ చేయించుకున్నాడు. వాని దోస్తు అంజి తండ్రికి పోయినేడు అన్‌ఫిట్ వచ్చింది, అంజికి కొలువు వచ్చింది, అంజి పెండ్లయింది, అంజి తండ్రి పెండ్లికి లేడు. నలుగురూ అంజి అదృష్టవంతుడనే అన్నారు. రఘుపతి కూడా అన్నాడు, అని నాలుక కొరుక్కున్నాడు, అన్నం కలుపుతున్న పోశం వినలేదన్నట్టు మంచినీళ్లు అడిగాడు.

వినడంలో ఆయన్ని మించినోడు లేడు, కానీ. బాయిలో ఆయన పని వినుడే. బొగ్గు తీసిన చోట కప్పుకు కర్రలు నిలబెట్టే పని, నిలబెట్టే ముందు ఇనుపరాడుతో పైన తట్టి వినాలి, ఠంగుమంటే గట్టి, డుబ్బుమంటే లోపల బోలు, ఊడి పడుతుంది, తప్పుకోవాలి. పెండ్లయిన కొత్తలో ఆ చప్పుడు ఎట్లుంటుందో ఆమె అర్థం చేసుకోలేకపోతే కర్బూజ పండు తెచ్చి వేళ్లతో తట్టి చూపించాడు, తర్వాత ఆమె నెత్తి మీద తట్టి "బోలు" అన్నాడు, ఆమె వారం మాట్లాడలేదు. ఎన్నేండ్లయింది ఆ మాటకు. నైటు షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకుంటాడు ఆయన, కిటికీకి నల్లదుప్పటి కట్టి, ఆ చీకట్లోకి ఒక మధ్యాహ్నం ఆమె చాట కోసం పోయింది. గోలీలు పొయ్యిలో పడుతున్న నాళ్లే. కాళ్లు ఉబ్బి ఉన్నాయి, వేలితో నొక్కితే గుంట పడి నింపాదిగా నిండింది. నోరు తెరుచుకుని ఉన్నది. ఊపిరి వస్తున్నది, వస్తున్నది, ఆగింది. ఆమె చాట పట్టుకుని నిలబడింది. ఇంకా రాలేదు. బయట ఐసు అమ్మేటోడు గంట కొడుతున్నాడు. ఆమె ఒంగి ఆయన రొమ్ముకు చెవి ఆనించింది, ఏం వినాలో తెలియకుండానే, అప్పుడు గుర్రుమని ఒక్కసారి లోపలికి గుంజుకున్నాడు గాలి, మునిగినోడు తేలినట్టు. ఆ చెవిలో ఆ చప్పుడు ఇప్పటికీ ఉన్నది. డుబ్బు. బోలు. తప్పుకోవాలి అంటాడు కదా, ఎటు తప్పుకోవాలి, కప్పు ఆయనే.

ఆ తెల్లారే మొదలుపెట్టింది. నెల గోలీలు వస్తే పొయ్యి ముందు కూర్చుని, మొగడూ కొడుకూ చూస్తుండగా కవరు వేసింది, అందులో ఉన్నవి బఠాణీలు. గోలీలు పోపుల డబ్బాలో మెంతుల అడుగున. పప్పుగుత్తి వెనక భాగంతో రాయి మీద నూరేది, ఎవరన్నా వస్తున్నట్టుంటే దాని మీద ఇంత జీలకర్ర వేసేది, ఆయన కంచంలోనే, ఆయన కూర వరకే కలిపేది. మొదటినాడు వేలితో నాకి చూసుకుంది, అబ్బ, విషం లాగా ఉన్నది, కండ్లల్లో నీళ్లు తిరిగాయి, ఇది పట్టుకుంటాడు, ఉప్పు ఒక్క రవ్వ ఎక్కువైతే కంచం నెట్టేసే మనిషి. అందుకే కాకరకాయ. అంగడికి పోయినా, తోపుడుబండి వచ్చినా కాకరకాయే, లేకుంటే మెంతికూర, అదీ దొరకకుంటే చింతపండు పిండి ఇంత పచ్చిపులుసు, అందులో ముంచి. కూరగాయల ఆమె "మీ ఇంట్ల కాకరకాయకు మొక్కుకున్నరా" అని నవ్వేది. రఘుపతి "ఇంకోటి వండరాదే అవ్వా" అని విసుక్కునేవాడు. పోశం ఏమీ అనలేదు. ఒక్కనాడు అనలేదు. ఇన్నేండ్ల బొగ్గుపొడికి నాలుక మొద్దుబారిపోయిందేమో అనుకుంది, రోగం రుచి కూడా తింటుందేమో అనుకుంది. పైగా ఈ మధ్య కంచం వేలితో తుడిచి తింటున్నాడు, తినగానే కంచంలోనే చెయ్యి కడిగి ఆ నీళ్లు కూడా తాగుతున్నాడు, ముసలితనం వస్తున్నది, వాళ్ల నాయన కూడా ఊళ్లో అట్లాగే తాగేవాడు, మెతుకు పారబోయొద్దని. కాళ్ల వాపు తగ్గింది. పడుకుంటే ఊపిరి ఆగడం లేదు. మెట్లెక్కి వచ్చి ఆయాసం లేకుండా మాట్లాడుతూ మాట్లాడుతూ, కొడుకు కనబడగానే గుర్తొచ్చి ఆయాసపడేవాడు. ఆమె అది చూసి లోలోపల మురిసేది. మురిసినంతసేపు పట్టేది కాదు, వెంటనే వాని అంగీ కనబడేది, వాని డంపరు దుమ్ము, వాని వంగిన మెడ, ఏం చేస్తున్నా నేను, కన్నకొడుకు కంచంలోది తీసి మొగని కంచంలో వేస్తున్నా. లస్మవ్వ అన్న దాంట్లో తప్పేమున్నది, చంపుతున్నా అనే అన్నది, ఎవరిని అనేది తప్పు చెప్పింది అంతే.

నీళ్లు తాగింది. బాటిలు మూత పట్టడం లేదు.

అన్న గుర్తొచ్చాడు. బెల్లంపల్లిలో బిక్షమన్న, ఆయనకు ఎప్పుడో అన్‌ఫిట్ అయింది, కొడుక్కు కొలువు అయింది, బతికే ఉన్నాడు, దేవుని దయ. పొద్దున లేచి బూట్లేసుకుని బాయి గేటు దాకా పోయి నిలబడి వస్తాడు. చుట్టలకని దుకాణానికి పోతే అక్కడ ఇద్దరు బిక్షాలు, అందుకని "ఏ బిక్షం, ఫిట్టా అన్‌ఫిట్టా" అని అడుగుతారు, ఈయన నవ్వి "అన్‌ఫిట్టు" అంటాడు, అంటే ఈయన పేరున ఉద్దెర అప్పు రాసుకుంటారు. కోడలు ఏమీ అనదు, మంచిదే, అన్నం పెట్టి గిన్నె మీద మూత పెట్టి పోతుంది. పోయినసారి పోతే సారక్కను పక్కకు పిలిచి, "చెల్లే, నేను సచ్చినంక నౌకరొస్తే పోరడు నా ఫొటోకు దండేస్తుండె. ఇప్పుడు బతికున్న, దండెవలేస్తరు" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు అప్పుడు జోకనుకుంది. పోశం కూడా అట్లా గేటు దాకా పోయి వస్తాడా. బోర్డు రాస్తే అంతే కదా. రాయకపోతే రేపు షిఫ్టు, మళ్లీ ఆ బోలు కప్పుల కింద, ఇంటికొచ్చేదాకా ఆమె చెవి సైరను మీద. ఇది కావాలనా గోలీలు నూరింది. ఏది కావాలని నూరింది.

జాతరలో సమ్మక్క ముందు నిలబడ్డప్పుడు కూడా ఇదే అయింది. ఖని జాతర, గోదారి ఒడ్డున జనం, పసుపు, ధూళి, కోళ్లు, పూనకం వచ్చి శిగమూగే ఆడోళ్ల అరుపులు, నెత్తి మీద బెల్లం మూట, ఇంత దూరం మోసుకొచ్చింది ఒక్క మాట అడగడానికి, గద్దె ముందుకు రాగానే వెనకోళ్లు నెడుతుంటే, అడుగు, జల్ది అడుగు, అని తనకు తనే అనుకుంటూ నోరు తెరిచింది. కొడుక్కు కొలువియ్యి తల్లీ అందామంటే నాలుక మీదికి మొగడు వచ్చాడు, మొగన్ని కాపాడు తల్లీ అందామంటే కొడుకు వచ్చాడు. రెండూ అడగొచ్చు, తల్లే కదా, ఏం పోయింది, కానీ ఒకటి ఇస్తే రెండోది తీసుకోవాలి ఆ తల్లి, ఎట్లిస్తుంది, దేవతకైనా రెండు చేతులే. వెనకామె "జరుగు పిన్నీ, ఇల్లు గట్టుకుంటవా ఈడ్నే" అని నెట్టింది. బెల్లం గద్దె మీద పడింది. మొక్కు పడలేదు. సగం బెల్లం ప్రసాదమని వెనక్కి తెచ్చుకుంది, అదే ఆ లస్మవ్వ తిన్న బెల్లం, అడగని మొక్కు బెల్లం, దానికి ఫలం ఏముంటుంది, ముసలామెకు పండ్లు మొలుస్తాయా.

ఇవ్వాళ పొద్దున మాత్రం గట్టిగా అనుకుంది. వద్దు, ఇవ్వాళ గోలీ వద్దు, వారం నుంచే వద్దనుకుంది, పరీక్షలకు రక్తం ఇచ్చే నాడు కూడా వద్దనే అనుకుంది, ఆపుతా, వానిది కూడా బతుకే కదా, కొత్తగూడెం పోయి వచ్చినంక మళ్లీ బతిమాలో బామాలో మొదలుపెడతా, ఇల్లు పట్టి కూర్చున్న మొగనికి గోలీ మింగించుడు ఎంత పని. అట్లా అనుకుంటూనే జొన్నగటక కలిపింది. అనుకుంటూనే పోపుల డబ్బా మూత తీసింది, ఆవాల కోసం, గటకలో ఆవాలేందో. మెంతుల కింద వేళ్లు వాటంతట అవే పోయాయి. వేళ్లకు ఎవరు చెప్పాలి. పోశం కూర్చుని తిన్నాడు, ఇస్త్రీ అంగీ వేసుకున్న కొడుకు ఎదురుగా నిలబడి "తొక్కెయ్యవే అవ్వా, జెర ఎక్కువెయ్యి" అంటున్నాడు, ఆమె తొక్కు వేసింది, తొక్కు వేసిన చేత్తోనే గోలీ కలిపింది, ఆయన రెండూ కలిపి తిన్నాడు, కంచంలో చెయ్యి కడిగాడు, ఆ నీళ్లు తాగాడు. తాగి ఆమె దిక్కు ఒకసారి చూశాడు. ఏదో అంటాడనుకుంది. "చెప్పులేడున్నయ్" అన్నాడు.

కుంటాయన పేరు పిలిచారు. ఆయన లేచి, ఏ కాలో పెండ్లాం దిక్కు చూసి అడిగి, లోపలికి పోయాడు. అంటే పోశం అయిపోయినట్టేనా, లోపల ఇంకో తలుపు ఉన్నదా, అట్నుంచి అటే తీసుకుపోయారా, ఏమన్నా అయిందా, మళ్లీ పడ్డాడా, లేచింది, రెండడుగులు వేసింది, రఘుపతి కూడా కిటికీ వదిలి వచ్చాడు, తల్లీకొడుకులు ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు, వాని దగ్గర కొత్త సబ్బు వాసన. "ఏం గాదు తియ్యే" అన్నాడు వాడు, అని ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుకు ఆమెకు అన్నీ చెప్పెయ్యాలనిపించింది. బిడ్డా, నేనే, నా చేతులతోనే. నోట్లో మాట తయారైంది. అప్పుడే తలుపు తెరుచుకుని పోశం వచ్చాడు, అంగీ గుండీలు పెట్టుకుంటూ, ఒక గుండీ తప్పు కన్నంలో పెట్టుకుని, దాన్ని విప్పి మళ్లీ పెట్టుకుంటూ.

"ఏమన్నరు బాపూ?"

"ఫిట్టు." పోశం గుండీ దిక్కే చూస్తూ అన్నాడు. "రేపు డ్యూటీకి పొమ్మన్నరు. బీపీ మంచిగుందట, రక్తం మంచిగుందట. గోలీలు మంచిగ పనిజేస్తున్నయ్, ఇట్లనే ఏస్కోమన్నడు డాక్టరు."

రఘుపతి చెయ్యి ఆమె భుజం మీద నుంచి జారింది. "గోలీలేంది? ఏ గోలీలు?" అన్నాడు. గొంతు పెద్దగా లేదు, అదే భయం. "పొయ్యిలేసినయి గదా. నా కండ్ల ముంగట్నే ఏసింది గదా." వాడు మెల్లగా తల్లి దిక్కు తిరిగాడు. బెంచీ మీదోళ్లు సద్దులు ఆపి చూస్తున్నారు. నిజం దగ్గు ముసలాయన కూడా దగ్గు ఆపాడు. సారక్క నోరు తెరిచింది, గద్దె ముందు తెరిచినట్టే, "రఘుపతీ, నేను..." అన్నది.

"మీ అవ్వ దిక్కు జూడకు. నా దిక్కు జూడు" అన్నాడు పోశం. గుండీ పెట్టుకోవడం అయిపోయింది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పక్కలకు వదిలేశాడు. "కాకరకాయ వండిననాడంటే కాకరకాయ అనుకోవచ్చు. వండని రోజు సుత చేదే ఉండె నా కంచం. మొదటి బుక్కకే తెలిసింది నాకు."

సారక్క చెవుల్లో నల్లా నీళ్లు పడుతున్నట్టు హోరు. మొదటి బుక్కకే. తుడిచి తిన్న కంచాలన్నీ, కడిగి తాగిన నీళ్లన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

రఘుపతి పెదవి వణికింది. చిన్నప్పుడు బడికి పోనని ఏడ్చేముందు అట్లాగే వణికేది. "తెలిసి..." అన్నాడు. "నా కోసం అన్‌ఫిట్టయితనంటివి. పొయ్యిలెయ్యమన్నది నువ్వే గదా. తెలిసి గూడ ఎందుకు తిన్నవ్ బాపూ?"

పోశం కొడుకు మొఖంలోకే చూశాడు, కప్పు తట్టి చెవి పెట్టినట్టు.

"బతుకబుద్ధయింది."